మొహం చూసి మందిచ్చిన రోజులు

మా రోజుల్లో మందుల షాపుకి వచ్చిన మనిషి మందు పేరు చెప్పేవాడు కాదు, బాధ చెప్పేవాడు. "నాలుగు రోజుల్నుంచీ తిన్నది ఒంటికి పట్టట్లేదు బాబాయ్" అనేవాడొకడు. "రాత్రి రెండింటికల్లా మెలకువొచ్చేస్తోందయ్యా" అనేవాడింకొకడు. "ఏమీ లేదన్నయ్యా, ఊరికే ఏడుపొస్తోంది" అని పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఆడమనిషి మరొకరు. ఇప్పుడొచ్చేవాళ్ళు మందు పేరు మిల్లీగ్రాములతో సహా చెబుతారు. "పాన్ ఫార్టీ రెండు షీట్లు, డోలో ఒకటి." చెవిలో ఫోను నడుస్తూనే ఉంటుంది. డబ్బు ముట్టిందని కౌంటరు మీద పెట్టె అరవగానే వెళ్ళిపోతారు. అసలు షాపుకే రాని వాళ్ళు ఇంకా ఎక్కువ. ఇంట్లో కూర్చుని నొక్కితే సంచీ గుమ్మంలోకి వస్తుంది. నెలకి అరవై గ్యాస్ మాత్రలు మింగే మనిషిని ఊళ్ళో ఒక్కరూ "నీకేమైంది?" అని అడగరు. నా కోపమంతా దాని మీదే.

నేను 1970ల మొదట్లో తెనాలిలో ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరుగా చేరాను. తర్వాత చదివి, సొంత షాపు పెట్టుకున్నాను. ఇప్పుడది మా అబ్బాయి చూస్తున్నాడు, నేను సాయంత్రాలు వెళ్ళి కూర్చుంటాను. అప్పట్లో మందు సగం మేమే కలిపేవాళ్ళం. కార్మినేటివ్ మిక్స్‌చర్, ఆల్కలీ మిక్స్‌చర్, దగ్గు మందు. రోగులు ఇంటి నుంచి సీసా కడిగి తెచ్చుకునేవారు. అందులో మందు పోసి, మోతాదుకొక గాటు చొప్పున కత్తిరించిన కాగితం పట్టీ సీసా పక్కన అంటించి ఇచ్చేవాళ్ళం. అదంతా అయ్యేసరికి పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాలూ మనిషి ఎదురుగా బల్ల మీద కూర్చోవలసిందే. అసలు సంగతి అప్పుడే బయటికొచ్చేది. డాక్టరుగారి ముందు "కడుపులో మంట" అన్న రైతు, నేను మిక్స్‌చర్ కలుపుతుంటే దుగ్గిరాల యార్డులో పసుపు ధర పడిపోయిందనీ, పెద్దమ్మాయి కట్నం బాకీ ఇంకా తీరలేదనీ, అల్లుడు పండక్కి రానన్నాడనీ చెప్పేవాడు. నేను లోపలికెళ్ళి డాక్టరుగారి చెవిన వేసేవాణ్ణి. ఆయన మందు మార్చేవారు కాదుగానీ ఆ రైతుని మళ్ళీ పిలిచి మాట్లాడేవారు.

ఆ డాక్టరుగారికి ఒక అలవాటుండేది. నాడి పట్టుకునే ముందు "ఇంట్లో అంతా కులాసానా?" అని అడిగేవారు. అడిగి, జవాబు కోసం ఆగేవారు. కులాసాగా ఉన్నవాడు వెంటనే చెబుతాడు. లేనివాడు ఒక్క క్షణం కిందికి చూస్తాడు. ఆయన చూసేది ఆ క్షణాన్నే. ఇప్పుడు పెద్దాసుపత్రుల్లో డాక్టరు కూడా కంప్యూటరు వంక చూస్తూ అడుగుతున్నాడు. కిందికి చూసిన మొహం ఎవరికి కనబడాలి?

ఆయనే నాకు హాన్స్ సెల్యే సంగతి చెప్పారు. వియన్నాలో పుట్టిన ఆయన 1920ల్లో ప్రాగ్‌లో వైద్యం చదువుకునేటప్పుడు ఒక విషయం గమనించాడట. ప్రొఫెసరు గారు రకరకాల రోగుల్ని పిలిపించి వీడికిది, వాడికది అని తేడాలు వివరిస్తుంటే, ఈ కుర్రవాడికి మాత్రం అందరిలోనూ ఒకేలా ఉన్నవి కనబడ్డాయి. నీరసం, ఆకలి లేకపోవడం, ఒళ్ళు నొప్పులు, పాలిపోయిన మొహం. జబ్బులు వేరైనా మొహం ఒకటే. ఆ తర్వాత కెనడాలోని మాంట్రియల్‌లో ఎలుకల మీద ప్రయోగాలు చేసి, 1936లో 'నేచర్' పత్రికలో ఒక చిన్న ఉత్తరం లాంటి వ్యాసం అచ్చు వేయించాడు. చలి పెట్టినా, గాయం చేసినా, విపరీతంగా శ్రమ పెట్టినా, విషపు మందిచ్చినా ఒంట్లో జరిగేది ఒకే తీరున ఉంటుందన్నాడు. మొదట ఒళ్ళు ఉలిక్కిపడుతుంది. తర్వాత తట్టుకుని నిలబడుతుంది. భారం అలాగే ఉంటే ఒకరోజు చేతులెత్తేస్తుంది.

ఈ మూడింటిలో మనం మోసపోయేది రెండో దశలోనే. అప్పుడు మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు. ఉద్యోగానికి వెళతాడు, పెళ్ళిళ్ళకి వెళతాడు, నవ్వుతాడు. లోపల మాత్రం ఒళ్ళు రోజూ కాపలా కాస్తూనే ఉంటుంది. పులి ఎదురైతే పారిపోవడానికో, తిరగబడడానికో ఒళ్ళు సిద్ధం కావడం గురించి సెల్యే కంటే ముందే, 1915లో, అమెరికాలో వాల్టర్ కానన్ పుస్తకం రాశాడు. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, రక్తంలోకి చక్కెర ఎక్కువగా వస్తుంది, జీర్ణం మందగిస్తుంది. పులి వెళ్ళిపోతే అన్నీ సర్దుకుంటాయి. మా రోజుల్లో చాలా పులులు సాయంత్రానికి వెళ్ళిపోయేవి. ఆఫీసు ఐదింటికి మూసేవారు, మర్నాడు పదింటి దాకా అధికారి గొంతు చెవిన పడేది కాదు. అప్పులవాడు కూడా దీపాలు పెట్టే వేళకి గుమ్మంలోకి వచ్చేవాడు కాదు. ఇప్పుడు అధికారి, అప్పులవాడు, బడి, బంధువుల గొడవలు, దేశంలోని దారుణాలు అన్నీ ఒకే ఫోనులో, దిండు కింద పడుకుంటున్నాయి.

షాపులో కూర్చుని నేను గుర్తుపట్టడం నేర్చుకున్నవి చెబుతాను. ఇవి పెద్ద పెద్ద లక్షణాలు కావు. చిన్నవి కాబట్టే మనిషి తనలో తాను చూసుకోడు.

అన్నిటికంటే ముందు చెడేది నిద్ర. పడుకోగానే పట్టకపోవడం ఒక రకం. పట్టి, తెల్లవారుజామున మూడింటికి మెలకువొచ్చి, నిన్నటి మాటలూ రేపటి లెక్కలూ బుర్రలో తిరగడం ఇంకో రకం. "వయసు మీద పడింది, అంతే" అని ముప్ఫై ఐదేళ్ళవాడు నాతో అంటే నాకు ఒళ్ళు మండుతుంది. తర్వాత పళ్ళు. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళు పొద్దున్నే దవడ నొప్పితో, కణతల నొప్పితో లేస్తారు. తలనొప్పి మాత్ర కొంటారు, దవడ సంగతి చెప్పరు. మెడ, భుజాలు బిగదీసుకుని నడిచేవాళ్ళని దూరం నుంచే పోల్చుకోవచ్చు. మాటకొకసారి పెద్దగా నిట్టూర్చడం. చిన్న శబ్దానికి ఉలిక్కిపడడం. చదివిన వాక్యమే మళ్ళీ చదవడం. తాళం వేశానో లేదోనని మూడుసార్లు వెనక్కి వెళ్ళడం. అన్నం సయించకపోవడం, లేదా ఆకలి లేకుండానే రాత్రి పదకొండింటికి డబ్బాలు వెతుక్కోవడం. నెలసరి తప్పడం. ఒక పెద్ద దెబ్బ తగిలిన రెండు మూడు నెలలకి జుట్టు గుప్పిళ్ళుగా రాలడం. అప్పటికి ఆ దెబ్బ సంగతి మరిచిపోయి షాంపూని తిడతారు. అదుపులో ఉన్న షుగరు కారణం లేకుండా పెరగడం. రోజుకి రెండు సిగరెట్లు కాల్చేవాడు పెట్టె కొనడం.

వీటన్నిటికంటే ముందు ఇంట్లోవాళ్ళకి తెలిసేది కోపం. మెత్తటి మనిషి పిల్లల మీద విసుక్కోవడం, ఉప్పు తక్కువైందని కంచం నెట్టేయడం. "ఈ మధ్య మీ ఆయనకి కోపమెక్కువైందేమిటమ్మా?" అని పక్కింటి పిన్నిగారు అడిగేది. అది పరాయి ఇంటి విషయంలో తలదూర్చడమని ఇప్పటి వాళ్ళకి చిరాకు. పిన్నిగారి నోటికి జడిసి ఊరు వదిలి అపార్టుమెంటుకి పోయారు. అక్కడ పక్కవాడి పేరే తెలియదు. నేనైతే పిన్నిగారి పక్షమే. ఆమె పది మాటల్లో తొమ్మిది అనవసరమైనవే అయినా పదోది ఒక ఇంటిని కాపాడేది.

వారం వాయిదా కట్టే ఆడవాళ్ళ గురించి విడిగా చెప్పాలి. 2010కి ముందు మా జిల్లాలో వాడవాడలా సూక్ష్మరుణాల సంస్థలుండేవి. వాయిదా కట్టే రోజుకి ముందురోజు సాయంత్రం తలనొప్పి మాత్రలు, అమృతాంజనం ఎక్కువగా అమ్ముడయ్యేవి. ఏ వీధికి ఏ రోజు వాయిదానో మా కౌంటరుకి తెలిసిపోయేది. ఆత్మహత్యలు జరిగి, రాష్ట్రం 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చేదాకా పెద్దలెవరికీ ఆ తలనొప్పి కనబడలేదు. ఇప్పుడు ఆ బాధ ఫోన్లలోని అప్పుల యాప్‌ల రూపంలో ఉంది. దానికి ఫలానా రోజంటూ లేదు, అర్ధరాత్రి కూడా మోగుతుంది. అమృతాంజనం తీసుకొచ్చిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో దాన్ని తలనొప్పి కోసం తయారు చేశారు. అప్పు నొప్పికి ఏ సీసాలోనూ మందు లేదు. తలనొప్పి మాత్రల సంగతి ఇంకోటి. నెలలో పదిహేను రోజులకి మించి వేసుకుంటూ పోతే ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయి. ఇది చెప్పి ఆపించడానికి నేను ఎందరితో పోట్లాడానో.

తుఫాను సంగతి కూడా రాయాలి. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. మా తెనాలి ఆ తీరానికి దూరమేమీ కాదు. రేపల్లె వైపు నుంచి, కృష్ణ అవతలి నుంచి వచ్చి చుట్టాలిళ్ళల్లో తలదాచుకున్నవాళ్ళు నెలల తరబడి మా దగ్గరికి వచ్చేవారు. గాయాలు మానిపోయాయి. గాలి కాస్త గట్టిగా వీస్తే మాత్రం చెమటలు పట్టేవి, గుండె దడదడలాడేది. పడుకుంటే నీళ్ళ హోరు వినబడేది. కొందరు కాలవ గట్టు మీద నడవలేకపోయేవారు, చుట్టూ తిరిగి వెళ్ళేవారు. డాక్టరుగారు వాళ్ళకి బలం మందు రాసిచ్చి పంపకుండా, రోజూ సాయంత్రం ఒకరి తర్వాత ఒకర్ని కూర్చోబెట్టి ఆ రాత్రి సంగతి చెప్పాలనుకుంటే చెప్పనిచ్చేవారు, చెప్పలేనివాళ్ళని బలవంతపెట్టేవారు కాదు. మూడేళ్ళ తర్వాత, 1980లో, అమెరికా మానసిక వైద్యులు తమ పెద్ద గ్రంథంలో ఈ బాధని ఒక జబ్బుగా చేర్చారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల్ని చూసి చేర్చారు. మా బల్ల మీద కూర్చున్న చేపలు పట్టేవాళ్ళదీ అదే బాధ.

మా రోజులన్నీ బంగారం అని నేననను. ఆడపిల్ల కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ పడిపోతే దయ్యమన్నారు, వేపమండలతో కొట్టారు. అత్తింటి బాధ తట్టుకోలేక మాట పడిపోయిన కోడలికి తాయెత్తు కట్టారు. మగవాడు ఏడిస్తే ఆడంగి వెధవన్నారు, అందుకని వాడు సారా కొట్టు దారి పట్టాడు. "విశాఖ పిచ్చాసుపత్రికి పంపాలా?" అన్నది తిట్టు. ఆ భయంతో వైద్యం దొరికేవాళ్ళు కూడా దాక్కున్నారు. ఈ విషయంలో ఇప్పటి రోజులే నయం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఒక గొప్ప పని చేసింది. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి తప్ప నేరస్తుడిగా చూడకూడదని 115వ సెక్షన్లో రాసింది. అతనికి వైద్యం చేయించే బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. మా రోజుల్లో అలాంటి మనిషి ఆసుపత్రి మంచం మీద ఉండగానే పోలీసు వచ్చి పక్కన నిలబడేవాడు.

అలాగని ఒంట్లో వచ్చే ప్రతి బాధనీ మనసు మీదికి తోసేయడం కూడా తప్పే. కడుపులో పుండంటే దిగులు వల్లేనని అప్పట్లో పెద్ద డాక్టర్లు కూడా అనేవారు. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ ఇద్దరూ కలిసి, చాలా పుండ్లకి ఒక రకం బాక్టీరియా కారణమని 1980ల్లో నిరూపించారు. 2005లో వాళ్ళకి నోబెల్ వచ్చింది. దడ, నీరసం, బరువు తగ్గడం థైరాయిడ్ వల్ల కావచ్చు, రక్తహీనత వల్ల కావచ్చు, షుగరు వల్ల కావచ్చు. అందుకే ముందు పరీక్ష చేయించుకోవాలి. మరీ ముఖ్యంగా గుండె. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, చెమట పట్టి, ఎడమ చేయో దవడో లాగుతుంటే "టెన్షన్, గ్యాస్" అనుకుంటూ నా కౌంటరు దగ్గరికి రావద్దు. 108కి ఫోన్ చేసి ఈసీజీ తీసే చోటికి పోవాలి. గ్యాస్ మాత్రతో పోగొట్టుకున్న మనుషులు నాకు తెలుసు. పరీక్షలన్నీ బాగానే ఉండి, అయినా బాధ తగ్గకపోతే అప్పుడు మనసు వైపు చూడాలి. మనవాళ్ళు రిపోర్టు బాగుందనగానే అక్కడితో ఆపేస్తారు, ఇంకో రెండు షీట్లు కొనుక్కుంటారు.

నిద్ర మాత్రల దగ్గర నాకు ఇంకా కోపం. అల్ప్రాజోలం లాంటివి డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదన్నది పాత నియమమే. 2014 మార్చి నుంచి అది షెడ్యూల్ హెచ్‌1 కిందికి వచ్చింది. చీటీ రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామో రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రం చేయాలి. "ఎప్పుడూ వాడేదే కదా బాబాయ్, ఒక షీటివ్వు" అని తెలిసినవాళ్ళు మొహమాటపెడతారు. నేను ఇవ్వను. ఆ మాత్ర నిద్ర పుచ్చుతుంది గానీ, ఎందుకు పట్టడం లేదో ఆ సంగతిని కూడా నిద్రపుచ్చేస్తుంది. నెలల తరబడి వాడి ఒక్కసారి మానేస్తే ఫిట్స్ దాకా పోవచ్చు. డాక్టరు మెల్లమెల్లగా తగ్గిస్తూ మాన్పించాలి.

ఇక పిల్లలు. ఈ విషయం వస్తే నాకు రాత్రి నిద్రపట్టదు. మా రోజుల్లోనూ పరీక్షలున్నాయి. పేపర్లో నెంబర్లు అచ్చయిన రోజున రైలు స్టేషను దగ్గర కుర్రాళ్ళు గుంపుగా చేరేవారు. తప్పినవాడు రెండ్రోజులు తండ్రికి కనబడకుండా మేనమామ ఇంట్లో ఉండి, సెప్టెంబరులో మళ్ళీ రాసేవాడు. 1986లో ఎంసెట్ వచ్చాక తప్పడం, గెలవడం అన్న లెక్క పోయి ర్యాంకు వచ్చింది. ర్యాంకుకి అంతు లేదు. మూడు వందలు వచ్చినవాడికీ దిగులే, ముప్ఫై వేలు వచ్చినవాడికీ దిగులే. ఆపై హాస్టలు చదువులు. చీకటితో లేపి, రాత్రి పది దాటేదాకా కూర్చోబెట్టి, ఇంటికి ఫోను ఆదివారం మాత్రమే. పిల్లవాడికి వచ్చే మార్పు తల్లి కంటికి పడుతుంది. ఆ తల్లినే దూరం పెట్టారు.

చిన్నపిల్లల్లో గుర్తు చాలా తేలిక. బడి ఉన్న రోజు పొద్దున కడుపునొప్పి, ఆదివారం ఉండదు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవుతుంది. గోళ్ళు రక్తం వచ్చేలా కొరుకుతారు. పెద్ద పిల్లలైతే స్నేహితులతో మాటలు మానేస్తారు, ఇష్టమైన ఆట మానేస్తారు, తమ వస్తువులు ఇంకొకరికి ఇచ్చేస్తారు. "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట అంటారు. ఆ మాట అన్నారంటే ఇక ఆలోచించేదేమీ లేదు. ఆ పూటే పక్కన కూర్చోవాలి, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు, అది నిజం కాదు. అడిగితే వాళ్ళకి ఊపిరి వస్తుంది. ఒంటరిగా వదలకూడదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో, నూరు మంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సెలరు ఉండాలని ఆదేశించింది. ఒక పిల్లని పెద్దవాళ్ళెవరైనా పట్టించుకోవాలని చెప్పడానికి దేశంలోని పెద్ద కోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. లక్షల ఫీజు తీసుకునే యాజమాన్యాలు ఈ పని ఎప్పుడో చేసి ఉండాల్సింది. ఆ ఉద్యోగం కాగితం మీదే పెట్టి, లెక్కల మాస్టారికే అదనంగా అప్పగిస్తారేమోనని నా భయం. తల్లిదండ్రులు చేర్పించేటప్పుడే ఆ మనిషి ఎవరో చూపించమని అడగాలి.

హైదరాబాద్ నుంచి పండక్కి వచ్చే కుర్రాళ్ళని చూస్తుంటాను. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పుడు మా వీధిలో అందరం సంతోషించాం. మా పిల్లలకి ఇక్కడే పని దొరుకుతుందనుకున్నాం. దొరికింది. ఆ పని అమెరికాలో పగలయ్యే వేళకి ఇక్కడ మొదలవుతుంది. ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పొద్దున లేచే వేళకి ఎక్కువగా ఉండి, రాత్రికి తగ్గుతుంది. వెలుతురునీ నిద్రనీ బట్టి ఆ లెక్క నడుస్తుంది. రోజూ రాత్రి మూడింటిదాకా దీపం వెలుగులో మీటింగులుంటే ఆ లెక్క తప్పుతుంది. ఆ కుర్రాళ్ళు భోగి పొద్దున కూడా లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకునే ఉంటారు. చేతి గడియారం చూపించి, "తాతయ్యా, నా స్ట్రెస్ స్కోరు ఇవాళ డెబ్భై" అంటారు. అది వచ్చింది కదా, దాన్ని చూసి ఏం చేశావురా అంటే జవాబుండదు. గడియారం గుండె కొట్టుకోవడం లెక్కపెట్టగలదు. ఎవరి ఫోను వస్తే అది పెరుగుతోందో ఆలోచించుకోవలసింది వాడే.

ఆ ఒత్తిడి సముద్రాలు దాటి మా వీధికి కూడా వస్తోంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొడుకు ఉద్యోగం పోతే, హెచ్‌1బీ మీద ఉన్నవాడికి ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గడువు అరవై రోజులు. ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని బడిలో వేసుకున్నవాడికి అరవై రోజులు. వాడు తల్లిదండ్రులకి చెప్పడు. వీడియోలో నవ్వుతాడు. వాడి గొంతులో తేడా మాత్రం తల్లికి తెలుస్తుంది. ఆమె మా షాపుకి వచ్చి బీపీ చూపించుకుంటుంది. ఎప్పుడూ నూటముప్ఫై ఉండేది నూటడెబ్భైకి పోతుంది. "ఉప్పు ఎక్కువ తిన్నానేమో" అంటుంది. "అబ్బాయి బాగున్నాడా అమ్మా?" అని అడిగితే కళ్ళు నిండుతాయి. అటు కొడుకు తల్లి భయపడుతుందని చెప్పడు, ఇటు తల్లి కొడుకు కంగారుపడతాడని చెప్పదు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే, చెప్పుకోండి. చెప్పుకుంటే ఉద్యోగం రాదు నిజమే. ఇద్దరి బీపీ మాత్రం తగ్గుతుంది.

చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేనివాళ్ళకి 14416 ఉంది. టెలిమానస్ అంటారు, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. పగలైనా రాత్రైనా పలుకుతుంది, డబ్బు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఈ నెంబరు రాసిన కాగితం మా షాపు అద్దానికి అంటించాను. ఆ చోట అంతకుముందు శక్తినిచ్చే పొడి ప్రకటన ఉండేది. రెండు వారాలకి మించి నిద్ర, ఆకలి చెడి, దేని మీదా ఆసక్తి లేకపోతే అది ఒట్టి అలసట కాదు, వైద్యం అవసరమైన స్థితి. బీపీకి మందు వేసుకున్నంత మామూలుగా దానికీ వేసుకోవచ్చు.

ఇప్పుడు మా షాపులో కంప్యూటరుంది. ఎవరు ఏ తేదీన ఏ మందు ఎన్ని కొన్నారో అంతా అందులో ఉంటుంది. మా అబ్బాయి దాన్ని సరుకు తెప్పించుకోవడానికి వాడతాడు. మొన్న వాడితో పెద్ద గొడవే అయింది. నెలకి పదిహేను రోజులకి మించి తలనొప్పి మాత్రలు, మూడు నెలలుగా ఆపకుండా గ్యాస్ మాత్రలు కొంటున్నవాళ్ళ పేర్లు తీసి ఇవ్వమన్నాను. "నాన్నా, ఇది మన పని కాదు, అడిగితే వేరే షాపుకి పోతారు" అన్నాడు. పోతే పోనీ అన్నాను. చివరికి పేర్లు తీశాడు. నేననుకున్న దానికంటే ఎక్కువే ఉన్నాయి. అందులో వాడితో చదువుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళొచ్చినప్పుడు షీటు చేతికిచ్చే ముందు, కౌంటరు ఇవతలికి వచ్చి, పక్కనెవరూ వినకుండా మూడు మాటలు అడగమన్నాను. రాత్రి నిద్ర ఎలా పడుతోంది? ఈ నొప్పి ఏ రోజుల్లో ఎక్కువగా వస్తోంది? ఇంట్లో ఎవరికైనా చెప్పావా? జవాబు చెప్పేదాకా ఆగమన్నాను.